విల్లు లేని మాట

మా చిన్నాయన ఖాజా పీర్ గార్లదిన్నె చుట్టుపక్కల పరుపులకు, బొంతలకు దూది ఏకేవాడు. ఆయనకు నత్తి. మాట మొదటి ముక్క దగ్గరే ఆగిపోయేది. “జ… జ…” అంటూ మెడ నరాలు ఉబ్బేవి కానీ భార్య పేరు బయటికి వచ్చేది కాదు.

దూదేకే విల్లు చేతిలో ఉంటే మాత్రం నత్తి ఉండేది కాదు. నారి మీద కొయ్యతో వేసే ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్క పలికేవాడు. జ-మీ-లా. ఐదో తరగతితో బడి మానేసిన నేను, బియ్యంలో రాళ్లు ఏరుతూ అదే చూస్తుండేదాన్ని. నోరు తెరుచుకున్నప్పుడల్లా ఒక ముక్క. పలక మీద ‘పీర్’ అని రాస్తే రెండు గుర్తులు కనబడతాయి. నోరు తెరిచేది ఒక్కసారే, చిన్నాయన వేసేదీ ఒక్క దెబ్బే. ఎంత పొడుగు మాటైనా ఇట్లా అడుగులు వేస్తూ నడుస్తుందని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

కరువొచ్చి ఊళ్లో గంజి కేంద్రం పెట్టిన ఏడాది, పరుపులు కుట్టించుకునేవాళ్లే లేకపోయారు. జమీలాబీ చిన్నమ్మను వాళ్ల నాయన పీరాసాబ్ వచ్చి తన ఊరు కొత్తచెరువుకు తీసుకుపోయాడు.

“అల్లుడే వచ్చి, పెద్దోళ్ల ముందర నోరు తెరిచి అడిగితే పంపిస్తా. లేకుంటే మళ్లా రాదు” అన్నాడు పోతూ.

చిన్నాయన వెంట పెద్దదిక్కుగా పోవడానికి మా నాయన అప్పటికే లేడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మకు తోడుగా ఉంటానని చిన్నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. నవ్వుతారని విల్లు గోడకే వదిలేశాడు. బస్సులో తొడ మీద తట్టుకుంటూ వచ్చాడు. “జ-మీ-లా-ను పం-పిం-చు మా-మా.” ఒక్కసారీ తడబడలేదు.

పక్కనున్న గొర్రెల కాపరి నవ్వాడు. “ఏమప్పా, మేళానికి పోతాండావా?”

చిన్నాయన కూడా నవ్వాడు.

పీరాసాబ్ ఇంటి వసారాలో మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి పోయి తలుపు వెనక చిన్నమ్మ పక్కన నిలబడ్డాను. చిన్నాయన చెయ్యి తొడ మీదికి పోయింది.

“పెద్దోళ్ల ముందర ఆ తాళమేందిరా? చేతులు కట్టుకో” అన్నాడు జమాల్ బాషా, ఆ ఇంటి ముసలాయన.

చిన్నాయన చేతులు కట్టుకున్నాడు. “జ… జ…”

“కానీ అల్లుడా, వింటాండాం” అన్నాడు పీరాసాబ్. ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఎదురుచూశాడు.

“పొద్దు గూకేలోపల వస్తాదిలే!” అన్నారెవరో. అందరూ నవ్వారు.

చిన్నాయన చెప్పాల్సిన మాట నాకు వచ్చు. మగవాళ్ల మధ్యకు పోయి చెప్పే ధైర్యం లేదు. చిన్నమ్మ వంక చూశాను. ఆమె పెదవులు బిగించి, చేతిలోని చేట అంచు మీద వేళ్లతో తడుతూ ఉంది. జ-మీ-లా-ను. మళ్లీ మొదటి నుంచి. ఆ చప్పుడు తలుపు దాటలేదు.

చిన్నాయన నోరు మూసుకున్నాడు.

“ఇంటికి పో నాయనా. ఈ కరువులో నిన్ను నమ్మి ఎట్లా పంపేది?” అన్నాడు పీరాసాబ్.

తిరుగు బస్సులో చిన్నాయన చేతులు కట్టుకునే కూర్చున్నాడు. ఇక విప్పవచ్చని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.