చిన్నబాపుకు చెప్పని లెక్క

ఈ ఉదయం ఇబ్రహీంపట్నం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు ముడి విప్పి కాస్త వాము నోట్లో వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే వసంత మేడమ్ గుర్తొచ్చారు. గొంతు పోకుండా ఆమె ఎప్పుడూ దవడన వాము పెట్టుకుని పాఠం చెప్పేవారు. చాలా ఏళ్లు బ్యాంకులో పనిచేసి, తర్వాత మా కాలేజీకి వచ్చి, ఎంటెక్ చదివే మాకు ఫైనాన్స్, కమ్యూనికేషన్ స్కిల్స్ బోధించారు. టైమ్ టేబుల్లో అవి రెండు సబ్జెక్టులు, ఆమెకు మాత్రం ఒకటే. లెక్క సరిగ్గా చేస్తే సగం మార్కులే ఇచ్చేవారు. మిగతా సగం, ఆ లెక్క ఏం చెబుతోందో లేచి నిలబడి చెప్పినవాళ్లకు.

నేను ఎప్పుడూ మొదటి సగం దగ్గరే ఆగిపోయేదాన్ని. చెరువులో చేపలు పట్టి బతికే ఇల్లు మాది. అంత చదువు దాకా వచ్చింది నేనే మొదలు. ఇంగ్లిష్‌లో నోరు తెరవాలంటే భయం. ఒకరోజు మేడమ్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, నెలనెలా పెద్ద వడ్డీ ఇస్తామనే ఒక పథకం కాగితం చేతికిచ్చారు. ఇది నిలుస్తుందా అని అడిగారు. లెక్క వేసి, నిలవదని తేల్చాను. ఎందుకో ఇంగ్లిష్‌లో చెప్పమంటే బోర్డు మీది అంకెలనే మళ్లీ చూపించాను.

“ఇంగ్లిష్ తర్వాత చూద్దాం. ముందుగాల మీ ఇంట్ల చెప్పినట్టు చెప్పు,” అన్నారు.

కొత్తగా చేరేవాళ్ల డబ్బే పాతవాళ్లకు వడ్డీగా పోతోందని, చేరేవాళ్లు ఆగిన నెల అంతా కూలుతుందని మా ఊరి మాటల్లోనే చెప్పాను. వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. దాన్నే మూడు చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా నాతోనే రాయించి, నాతోనే చదివించారు.

ఆ నెలలోనే, నేను చిన్నబాపు అని పిలిచే మా నాన్న తమ్ముడు, బొంగులూరు దగ్గరి జాగ అమ్మిన డబ్బును అలాంటి పథకంలోనే పెట్టబోయాడు. ఏజెంటు మా ఇంటికే వచ్చి కాగితాలు పరిచాడు. చాయ్ ఇస్తూ నేనూ వాటిని చదివాను. తప్పు కనిపించింది. ఇంతమంది పెద్దల మధ్య ఆడపిల్లను, నేనేం మాట్లాడతానని లోపలికి వెళ్లిపోయాను. చిన్నబాపు సంతకం పెట్టాడు. ఐదు నెలలు వడ్డీ వచ్చింది. ఆరో నెలలో ఆ ఆఫీసుకు తాళం పడింది.

మేడమ్ దగ్గర కూర్చుని, తెలిసీ ఊరుకున్నానని చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. తన సంగతి చెప్పారు.

“బ్యాంకుల ఉన్నప్పుడు మా పెద్దసారు ఒక తప్పు లోను ఇస్తుంటే చూసిన. నోరు తెరవలే. పూచీ ఉన్న ముసలాయన ఇల్లు పోయింది. ఆయనకు ఇయ్యాల్టి దాక చెప్పలే. నువ్వు నాకు చెప్తే ఏమొస్తది? పోయి మీ చిన్నబాపుకు చెప్పు.”

వెళ్లాను. ఆయన గడప ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆ రోజే నాకు తెలుసని, తెలిసీ చెప్పలేదని అన్నాను. రెండు ముడులు వేశాక అన్నాడు.

“అప్పుడు నువ్వు చెప్పినా నేను ఇనకపోతుంటినేమో బిడ్డా. కని నువ్వు చెప్పాల్సుండె.”

మర్నాడు పోలీస్ స్టేషన్‌కు నన్నే తోడు తీసుకెళ్లాడు. ఫిర్యాదు నేనే రాశాను, అధికారి అడిగినవాటికి నేనే జవాబు చెప్పాను. పోయిన డబ్బులో చాలా భాగం తిరిగి రాలేదు.

ఆ ఏడాది చివర్లో మేడమ్ సెలవు పెట్టి ఆ ముసలాయన ఊరికి వెళ్లారని తర్వాత తెలిసింది. ఆయన అప్పటికే లేడట. ఆయన కొడుకును కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పి వచ్చారట.

ఇప్పుడు నేను ఒక నిర్మాణ సంస్థలో ప్రాజెక్టుల ఖర్చు చూసే ఉద్యోగం చేస్తున్నాను. పెద్దవాళ్లు ఒప్పేసుకున్న అంకెలో తప్పు కనిపిస్తే ఇప్పటికీ లోపలికి వెళ్లిపోదామనే అనిపిస్తుంది. అయినా లేచి చెబుతాను. కొన్నిసార్లు వింటారు, చాలాసార్లు వినరు. వినరని ముందే తెలిసిన రోజున కూడా లేస్తాను.