సేప బతకాలని మొక్కుకున్న మా అప్ప

ముందే సెప్తన్నాను, గాజుపెట్టెలో నీళ్ళు గంజైపోయిన పాపం నాది కాదు. మొన్నటిదాకా కళింగపట్నంలో ఏ గడపనడిగినా "దేవి పోసీసినాది" అనీవోరు. దేవంటే నేనే. ఆ మాట పుట్టించినది మా అప్ప చిన్నతల్లి, నా తోడబుట్టిన పెద్దది. అదెలాటి మనిషో ఇనండి, తర్వాత మీరే సెప్పండి తప్పెవరిదో.

మా అప్ప సేపలమ్ముతాది. తట్ట దించి కత్తిపీట ముందు కూకున్నాదంటే వంజరమైనా కానాగంతైనా అది మాటాడుతుండగానే ముక్కలైపోతాది. దాని నోటికి జడిసి శ్రీకాకుళం నుంచి కార్లేసుకొచ్చినోళ్ళు కూడా సెప్పిన రేటిచ్చి పోతారు. దాని మొగుడు మా సూరయ్య బావ. పగలంతా ఐసులో సేపలేసుకుని ఆటో తోలుతాడు, ఇంటికొచ్చి బతికున్న సేపల ముందు కూకుంటాడు. సేపలమ్మే కొంపలో సేపల్ని పెంచడమేటండీ! టీవీ అంత గాజుపెట్టి, అందులో రాళ్ళు, నారింజరంగు సేపలు రెండు, బొటనేలంత పగడపు ముక్క. ఇశాపట్నంలో ఎవరో ఇంట్లో పెంచుకుంటన్న పగడాన్ని తుంచి ఇచ్చేరంట. పోనీ, ఎదురుగా సముద్రముంది కదా, నీళ్ళు ముంచుకోవచ్చు కదా? ఊఁహూఁ. వంశధార కలిసే సోట నీళ్ళు సప్పన, పైగా బురద అని, ఉప్పు పేకెట్లు తెప్పించి మంచినీళ్ళలో కలుపుతాడు. సముద్రం పక్కనెట్టుకుని ఉప్పు కొనుక్కున్న మొగోడని రేవంతా నవ్వినాది. అందరికంటే గట్టిగా నవ్వినది మా అప్పే.

నవ్వి ఊరుకున్నాదా, గడువొకటి పెట్టినాది. "ఆ పగడమో గిగడమో, గంగమ్మ పండగ నాటికి పెరగాల. పెరగలేదా, పెట్టి కాళీ సేసి రొయ్యలకి ఐసేసుకుంటాను!"

బావకి ప్రాణం పోయినంత పనైంది. ఫోన్లో వీడియోలు సూసి, నీళ్ళలో సుక్కల మందేసి పరీచ్చ సేసి, ఆకరికి కనిపెట్టినాడు. పగడం ఒళ్ళు కట్టుకోవాలంటే నీళ్ళలో కాల్షియం ఉండాల, దాంతోపాటు వంటసోడాలాటి క్షారమూ ఉండాల. అది పెరిగేకొద్దీ ఆ రెంటినీ లాగీసుకుంటాది, మనం మళ్ళీ పోస్తుండాల. అందుకని రెండు సీసాలు కలిపెట్టుకున్నాడు. ఒకదాన్లో కాల్షియం మందు. రెండోదాన్లో మా అప్ప బజ్జీలకని దాసుకున్న సోడా. ఆ పూట బజ్జీలు రాళ్ళైపోతే మా అప్ప ఇల్లు పీకి పందిరేసినాది. గాని పగడం కొసన తెల్లటి కొత్త సిగురు మాత్రం వచ్చినాది. ఆ సిగురు సూపించడానికి బావ దారిన పోయేవాళ్ళని కూడా సెయ్యట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చీవోడు.

ఇంతలో సాలూరులో బావ మేనత్త ఇంట పెళ్ళొచ్చినాది. మా అప్పకి సీసాలు రెండూ సూపించి, "పొద్దున దీన్లోది ఒక మూతడు, సాయంత్రం దాన్లోది ఒక మూతడు. రెండూ ఒక్కసారి పోసేవంటే కలిసి సున్నం కట్టేస్తాది. నువ్వూ మీ సెల్లీ ఒకసోట సేరితే ఏటవుద్దో అదవుద్ది" అన్నాడు. నన్ను ఎక్కిరించి మరీ బస్సెక్కినాడు.

బావ సందు తిరిగినాడో లేదో మా అప్ప రెండు మూతలూ ఇప్పీసినాది. "పొద్దునొకటి సాయంత్రమొకటేటి, ఇదేటి బీపీ మాత్రా? కడుపులోకెళ్తే అన్నీ ఒకటే."

"అప్పా, వద్దే, బావ మరీ మరీ సెప్పినాడు గదే" అన్నాను. అన్నానండీ, గంగమ్మ మీదొట్టు! మూతతో కొలిసినాదా? లేదు. కూరలో పులుసు పోసినట్టు రెండు సీసాలూ గుమ్మరించీసినాది.

సూస్తుండగానే నీళ్ళు గంజైపోయినాయి. సేపల్లేవు, పగడం లేదు, రాళ్ళూ లేవు. మా అప్ప గాజుకి ముక్కు ఆనించి సూసినాది. "ఒలే దేవీ, కానరావట్లేదే" అన్నాది. బావకి ఫోన్ సెయ్యమన్నాను. "సచ్చినా సెయ్యను" అన్నాది. సముద్రం ఏపు తిరిగి సేతులు జోడించినాది. "తల్లీ గంగమ్మా, ఈ రెండు సేపలూ బతికితే నీకు కొబ్బరికాయ కొడతాను."

నాకు నవ్వాగలేదు. "అప్పా, నీ నోటంట సేప బతకాలన్న మాటింటే గంగమ్మ తల్లి జడుసుకుంటాదే!" నెత్తి మీద ఒక్కటిచ్చినాది.

ఏటకెళ్ళిన పడవలు తిరిగొచ్చే ఏళ అది. పడవ మీదున్న బావ సావాసగాడు యుగంధర్‌కి ఫోన్ సేసి, లోతులోంచి తేటనీళ్ళు డబ్బాల్తో పట్టుకురమ్మన్నాది. ఆడు డబ్బాలు దించుతూ, "ఏటొదినా, సూరన్నని అంత నవ్వి, ఇప్పుడు సముద్రాన్నే ఇంటికి మోయించుకుంటన్నావా?" అన్నాడు. మా అప్ప ఆడి సేతిలో డబ్బా లాగీసుకున్నాది. సగం నీళ్ళు తోడీసి కొత్తవి పోసినాం. దీపాలెట్టే ఏళకి నీళ్ళు తేరుకున్నాయి. సేపలు రెండూ రాతి సందులోంచి బయటికొచ్చినాయి. పగడం మాత్రం ముడుసుకుపోయినాది. ఆ సిగురు సచ్చిపోయినాది.

బావొచ్చి, పెట్టిలో నీళ్ళు తిప్పే మోటారుకి పట్టిన సున్నం గోటితో గీకి సూసి, "ఎవులు పోసేరు?" అన్నాడు.

"దేవి" అన్నాది మా అప్ప, రెప్పెయ్యకుండా.

బావ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుణ్ణు. "పోన్లేవే" అని మళ్ళీ సీసాలు కడుక్కున్నాడు. నాకు ఏడుపొచ్చీసినాది.

పండగొచ్చినాది. పగడం మళ్ళీ తెరుసుకున్నాది గాని పెరగలేదు. బావ మాటంటే మాటే. గాజుపెట్టి ముందు బాల్చీ ఎట్టి, "గుడి నుంచొచ్చి కాళీ సేసేస్తాను. సేపల్ని ఇశాపట్నం పంపించేస్తాను. ఐసేసుకో" అన్నాడు. మా అప్ప కొబ్బరికాయ తీసుకుని గుమ్మం దిగినాది.

ఒడ్డున గంగమ్మ గుడి దగ్గిర డప్పులు ఇరగదీస్తన్నారు. మా అప్ప కాయ పట్టుకుని కళ్ళు మూసుకున్నాది. సేపలమ్మే గొంతది, మెల్లగా మొక్కుకోడం దానికి రాదు. సరిగ్గా అప్పుడే డప్పులాగినాయి.

"తల్లీ, రెండు సీసాలూ నేనే పోసీసినాను. సేపల్ని కాపాడేవు, నీ కాయ నీకు. ఆ పెట్టి కాళీ సెయ్యకుండా ఆ మనిషికి బుద్ధియ్యి!"

ఎనకాల బావ సంచీ పట్టుకుని నిలబడున్నాడు. "నువ్వా?" అన్నాడు.

మా అప్ప గిరుక్కున తిరిగినాది. "నేనే! అయితే ఏటి? ఐసుకి ఏరే పెట్టి కొనుక్కుంటాను. ఆ గాజుపెట్టి మీద సెయ్యేసేవంటే నా కత్తిపీట మాటాడతాది" అన్నాది. అని, అందరి ముందూ బోరుమన్నాది. బావ నవ్వుతూ సంచీ కింద పడేసినాడు.

ఇప్పుడు పొద్దున సీసా అదే పోస్తన్నాది, సాయంత్రం సీసా అదే పోస్తన్నాది. బావని మూత ముట్టుకోనివ్వదు.

మరి ఊరంతా నా మీద పడిన నింద మాటేటని ఆ రోజే గుడి దగ్గిర అడిగినాను. కొట్టిన కాయలో ఒక సిప్ప నా సేతిలో ఎట్టి, "తిను, తిని నోరు మూసుకో" అన్నాది. తిన్నాను. నోరు మాత్రం మూసుకోలేదు.