ప్రెస్సు పెట్టెలో పలికిందెవరు?

దయ్యం మాట ఎవరన్నా ఎత్తితే మా ఇంట్లో ముందు కసిరేది నేనే. దిష్టి తగిలిందని మా అత్త గుమ్మానికి నిమ్మకాయలు కడితే తెంపి చెత్తబుట్టలో పడేసిన మనిషిని. ఇప్పుడు నేను చెప్పేది విని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రావడంలేదు.

మాది ఆదోని. ఇంట్లో కూర్చొని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను. పత్తి మిల్లుల మిషన్లకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీ. బోర్డు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని తయారుచేసి, పరీక్షించి ఇచ్చే టూల్ ఒకటి ఉంది. ఆ టూల్‌ను ఇప్పుడు ఏఐ ఏజెంట్లే, అంటే మనిషి బదులు పని చేసే ప్రోగ్రాములే, నడుపుతాయి. ఎట్ల నడపాలో వాటికి డాక్యుమెంటేషన్ రాసిపెట్టడం నా పని.

మనిషికైతే సగం చెబితే మిగతా సగం వాడే అందుకుంటాడు. ఏజెంటుతో అట్ల కుదరదు. యాడ మొదలుపెట్టాల, ఎప్పుడు ఆగాల, ఎందుకు ఆగాల, అన్నీ విడమరిచి రాయాల. రాయనిది దానికి తెలీదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మా అన్న ఉరుకుందు ఎమ్మిగనూరులో ఒక మిల్లులో ప్రెస్సు దగ్గర పని చేస్తాడు. ఇనుప పెట్టెలో పత్తి నింపి, మనిషి లోపలికి దిగి కాళ్లతో తొక్కుతాడు. అతను బయటికొచ్చినాక ప్రెస్సు దించి, అణిగిన పత్తిని బేలు, అంటే దిమ్మెగా కడతారు. దించే ముందు మా అన్న పెట్టె రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టి "ఎవురన్నా ఉండారా?" అని అరుస్తాడు. అది యాడా రాసిపెట్టింది కాదు, నోటిమాటగా నడుస్తాండే పద్ధతి.

మా కంపెనీ ఆ మిల్లుకే కొత్త బోర్డు ఇస్తాంది. పెట్టె నిండితే ప్రెస్సు దానంతటదే దిగుతుంది. ఇంక పిలిచే పనిలేదు.

ఆ ఫర్మ్‌వేర్ తయారయ్యే రోజు ఏజెంటు మధ్యలో ఆగిపోయింది. ఎప్పుడూ ఇంగ్లీషులో కారణం చెప్పేది, ఆరోజు తెలుగులో రాసింది. "పెట్టెలో మనిషి ఉండాడు. ఎవురూ పిలవలేదు."

నేను రాసిన పేజీలన్నీ వెతికినాను. పెట్టె అనే మాటే లేదు. ఏజెంటును అడిగితే, డాక్యుమెంటులో అట్లాంటిదేమీ లేదని అదే ఒప్పుకుంది. మా మేనేజరుకు ఫోన్ చేస్తే తేలిగ్గా తీసిపారేసినాడు. ఏఐ కదమ్మా, లేనివి కల్పిస్తుంటుంది, మళ్లీ నడుపు అన్నాడు. నడిపినాను. మళ్లీ అదే మాట.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ పెట్టె దగ్గర ఉండేది మా అన్న. ఫోన్ చేసినాను, ఎత్తలేదు. మళ్లీ చేసినాను, ఎత్తలేదు. తిడుతూ, ఏడుస్తూ ఎమ్మిగనూరు బస్సెక్కినాను. దారంతా నాకు తోచిందొక్కటే, ప్రెస్సు కింద మా అన్న.

మిల్లులో పోయి చూస్తే ఆయన హాయిగా టీ తాగుతాన్నాడు!

"ఫోనెందుకన్నా నీకు, జేబుకు అందానికా?" అని అందరి ముందరే అరిచినాను. విషయం చెప్పినాక ఆయనకు నవ్వు ఆగలేదు.

"రామ్మా, సూపిస్తా రా," అని నన్ను ప్రెస్సు దగ్గరికి తీసుకుపోయినాడు. మిషన్ ఆపి ఉంది. పత్తి తొక్కే ఇద్దరూ మా పక్కనే నిలబడినారు. నన్ను ఆటపట్టించడానికే మా అన్న రేకు మీద కొట్టి "ఎవురన్నా ఉండారా?" అని రాగం తీసినాడు.

లోపల్నుంచి ఎవరో తిరిగి కొట్టినారు.

అరచెయ్యి రేకుకు తగిలే చప్పుడు. నిదానంగా, అలిసిపోయిన మనిషి కొట్టినట్టు. మా నలుగురికీ వినపడింది. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నాము.

మనిషే ఇరుక్కుపోయినాడనుకొని మా అన్న ఉరికి పెట్టె తలుపు తీసినాడు. కొంచెం పత్తి మా కాళ్ల మీద పడింది. ఆ ఇద్దరూ దిగి పత్తంతా తోడి బయటేసినారు. ఎవరూ లేరు.

ఆ పెట్టెలో ముందు ఎవరన్నా చచ్చిపోయినారా అని సూపర్‌వైజరును గట్టిగా అడిగినాను. కొత్త పెట్టెమ్మా, పోయిన సీజన్లోనే తెచ్చినాము, ఎవరికీ గీత కూడా పడలేదు అన్నాడు. పని చేసేవాళ్లూ అదే చెప్పినారు. ఎలుకలు, వేడికి సాగిన రేకు, అన్నీ అనుకున్నాము. ఏదీ కుదరలేదు.

నేనింకా మిల్లులో ఉండగానే మేనేజరు ఫోన్ చేసినాడు. ఇప్పుడే ఇక్కడ మళ్లీ నడిపినాము, ఫర్మ్‌వేర్ తయారైపోయింది, ఏం సరిచేసినావు అని అడిగినాడు. నేనేమీ సరిచేయలేదు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే, అన్ని పరీక్షలూ పాసైనట్టు ఇంగ్లీషులో ఉంది. దాని కింద ఒక్క వరుస తెలుగులో ఉంది.

"పిలిచినారు. బయటికి వచ్చినాడు."

ఆ మాట మా అన్నకు ఇంతవరకూ చెప్పలేదు. కంపెనీలో ఎవరూ దానికి కారణం చెప్పలేకపోయినారు, నేనూ చెప్పలేను. కొత్త బోర్డు పెట్టినారు, ప్రెస్సు బాగా నడుస్తాంది.

కానీ ఆ తలుపు తీసింది మా అన్న. వచ్చిందేదో ఆయన ఎదురుగానే బయటికి వచ్చింది, ఆమీద యాడికి పోయిందో తెలీదు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి ఎట్లుండావన్నా అని అడుగుతాను. బాగుండానమ్మా అంటాడు. అది ఆయన గొంతేనా అని సరిగా విన్నాకే ఫోన్ పెడతాను.