ఏసోబు చేతి మీద టేపు

అచ్చమ్మ కొల్లేరు గట్టు మీది చేపల షెడ్డులో పదహారేళ్లుగా థర్మాకోల్ పెట్టెలకు టేపు వేస్తోంది. బొచ్చె, శీలావతి చేపలు ఐసులో సర్దాక మూత చుట్టూ టేపు తిప్పడం ఆమె పని. టేపు జిగురు నొక్కేకొద్దీ మెల్లగా పాకి, పెట్టె మీది కంటికి కనపడని గుంటల్లోకి దిగుతుంది. మధ్యలో చెమ్మ ఉంటే దిగదు. అందుకే ఆమె ముందు పొడిగుడ్డతో తుడిచి, టేపు వేసి, బొటనవేలితో గట్టిగా రుద్దుతుంది. తిరిగి వచ్చిన పెట్టెల టేపు ఊడదీయడం కూడా ఆమెకే అప్పగిస్తారు. పైకెత్తి సర్రున లాగితే థర్మాకోల్ పూసలు కూడా లేచి వస్తాయి. వెనక్కి మడిచి, పెట్టెకు ఆనించినట్టే ఉంచి నెమ్మదిగా లాగితే, జిగురు పోగు పోగుగా వదులుతుంది.

ఈ నేర్పు ఆమె భర్త ఏసోబుకు అవసరపడింది. కిడ్నీలు పాడై అతను వారానికి మూడుసార్లు ఏలూరు వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాడు. చేతికి గుచ్చిన సూదులు కదలకుండా టేపు వేస్తారు. అతని చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. మొదటి నెలలో వార్డులో ఎవరో హడావిడిగా టేపు లాగితే చర్మం లేచి వచ్చి పుండైంది. ఏసోబు ఇక రానన్నాడు. మానేస్తే ఎక్కువ రోజులు బతకడని డాక్టరు చెప్పినా వినలేదు.

"అచ్చమ్మ తీస్తే వస్తాను," అన్నాడు చివరికి.

నర్సు రూబీ ఒప్పుకుంది. అచ్చమ్మ ఒక వేలితో చర్మాన్ని అదిమిపట్టి, టేపును వెనక్కి మడిచి తీసేది.

"మా ఆవిడకి నేనైనా చేపల పెట్టైనా ఒకటేనండి," అనేవాడు ఏసోబు రూబీతో.

"పెట్టె ఇన్ని మాటలు చెప్పదండీ," అనేది అచ్చమ్మ.

ఎండాకాలంలో సూదులు గుచ్చే చేతికి దురద మొదలైంది. ఒక సోమవారం బయలుదేరే ముందు ఆమె కొబ్బరినూనె రాసింది. టేపు కూడా సులువుగా ఊడి వస్తుందనుకుంది. వార్డులో చెయ్యి కడగమంటే పైపైన కడిగింది. చెమ్మ ఉన్న పెట్టెకు ఏనాడూ టేపు వేయని మనిషికి, నూనె కూడా అంతేనని తోచలేదు.

టేపు పట్టినట్టే కనిపించింది. రెండో గంటలో ఏసోబు పక్కకు ఒత్తిగిలాడు. టేపు చప్పుడు లేకుండా జారి, సూది ఊడింది. దుప్పటి కింద ఎవరికీ కనపడలేదు. మంచం పక్కన కూర్చున్న అచ్చమ్మ తన పాదాలకు తడి తగిలితే వంగి చూసింది. నేల మీద రక్తం.

రక్తం ఎక్కించి బతికించారు.

"చేతికి ఏమైనా రాశారా పిన్నిగారూ?" అని అడిగింది రూబీ.

"కొబ్బరినూనె. నేనే రాశాను."

రూబీ ఆ మాట కేసు షీటులో రాసింది. "ఇక ఆ చేతిని మీరు ముట్టుకోకూడదండీ. పెద్దసారు గట్టిగా చెప్పారు."

వాళ్లు ఇంటికి వచ్చాక, డయాలసిస్ రోజు పొద్దున, వాళ్లను ఎప్పుడూ ఏలూరు తీసుకెళ్లే సత్తిబాబు ఆటో వాకిట్లో ఆగింది. ఏసోబు మంచం మీంచి లేవలేదు.

"లేవండి. ఈసారి సిస్టరుగారే తీస్తారు. నేను ముట్టుకోను," అంది అచ్చమ్మ.

"అందుకే రానంటున్నాను."

"నా వల్లే కదండీ ప్రాణం మీదికొచ్చింది."

"వస్తే వచ్చింది. నువ్వు తీస్తే నొప్పి తెలీదు నాకు."

బయట సత్తిబాబు హారన్ కొట్టాడు. అచ్చమ్మ భర్త మొహం వైపు చూడలేదు.

"నేనే తీస్తాను, లేవండి," అంది.

చేపల చెరువుల మధ్య రోడ్డెక్కగానే ఏసోబు ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఏలూరు ఇంకా అరగంట ఉంది. రూబీని ఏమని అడగాలో, ఆమె కాదంటే ఇతనికి ఏమని చెప్పాలో అచ్చమ్మకు తోచలేదు.