పక్కన కూర్చునే సంఘం

మా బావ వీరభద్రం హనుమకొండలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి డీన్. పేరు పెద్దదే కానీ, సీట్లు నిండకపోతే మొదట తిట్లు తినేది ఆ కుర్చీలో ఉన్నవాడే. పక్క కాలేజీ డీన్ కిషన్ రావును వాళ్ల చైర్మన్ అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. మళ్లీ పిలిచినప్పుడు బావ కూడా వెంట పోయి పక్కన కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఇంకో డీన్ ఎదురుగా ఉండేసరికి చైర్మన్ గొంతు పెంచలేదట. డీన్ల సంఘం అట్లా పుట్టింది. దానికి ఒక్కటే నియమం: యాజమాన్యం పిలిస్తే ఎవరినీ ఒంటరిగా పంపొద్దు.

కొన్నేళ్లు నిజంగానే నడిచింది. వర్ధన్నపేట దిక్కు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. తర్వాత సంఘానికి బ్యానరు వచ్చింది, శాలువాలు వచ్చాయి, వాట్సాప్ గ్రూపు వచ్చింది. మనుషులు రావడం మానేశారు.

పోయినేడాది బావకే పిలుపొచ్చింది. గ్రూపులో పెట్టాడు. అందరూ దండం బొమ్మలు పెట్టారు. రాంప్రసాద్ అనే డీన్ అయితే "మీ వెంటే ఉన్నాం సార్" అని రెండుసార్లు పెట్టాడు. రమ్మన్న రోజు బావ పొద్దున్నే కాలేజీ ముందున్న టీకొట్టులో కూర్చున్నాడు. మా అక్క శారద మనసాగక నన్ను పంపింది.

"ఎంతమంది వస్తాండ్రు సారూ? పాలు ఎక్కువ పొయ్యాల్నా?" అని టీకొట్టు కట్టమ్మ అడిగింది.

"జర ఆగు కట్టమ్మా" అన్నాడు బావ. వచ్చే ప్రతి ఆటోనూ చూస్తున్నాడు. ఎవరూ దిగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనొస్త నడువు బావా."

"నువ్వు సుట్టానివిరా. సుట్టాన్ని తీస్కపోతే జాలి కోసం తెచ్చుకున్నడంటరు. తోటి డీన్ పక్కన కూసుంటెనే ఇజ్జత్."

ఒక్కడే లోపలికి పోయాడు. బయటికి వచ్చేసరికి ఉద్యోగం లేదు.

నెల తిరక్కముందే రాంప్రసాద్ ఫోన్ చేశాడు. అతనికీ పిలుపొచ్చిందట. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే అక్క కోపానికి వచ్చింది.

"మీకు రానోనికి మీరెందుకు పోతాండ్రు?"

"ఒక్కణ్ణే పోతే ఎట్లుంటదో నాకెరుకే శారదా."

ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"ఈయన ఎవరయ్యా అని వాళ్ల చైర్మన్ అడిగిండురా. రాంప్రసాద్ తల వంచుకొని, మా సుట్టం సార్ అన్నడు."

"మరి నువ్వేమన్నవ్ బావా?"

"ఏమంట? అవును సార్, సుట్టాన్నే అన్న" అని, మా బావ నా ముందే ఏడ్చాడు.