ముందు కెమెరా లేని ఫోను

మా ఇంటికి మొదటి స్మార్ట్‌ఫోన్ వచ్చింది ఒక్క యాప్ కోసం. నేను పదో తరగతిలో ఉండగా అమ్మ మస్కట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళింది. అక్కడ మనవాళ్ళందరూ వాడే యాప్‌లో కాల్స్ కలవవట. ఇంకేదో యాప్ ఉందట, దాంట్లో అయితేనే మనిషి కనిపిస్తుందట. నాన్న ధవళేశ్వరంలో నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో పనిచేసేవారు. ఒక ఆదివారం రాజమండ్రి వెళ్ళి, అమ్మ చెప్పిన యాప్ పేరు చెప్పి, "ఇది ఇందులో ఎక్కుద్దాండీ?" అని అడిగారు. ఎక్కుతుందన్నాడు షాపాయన. ఇంకో మాట అడక్కుండా తెచ్చేశారు.

ఇంటికొచ్చి అమ్మకు కాల్ కలిపాక తెలిసింది, ఆ ఫోనుకి వెనక తప్ప ముందు కెమెరా లేదని. ఎవరైనా పాత మోటారు కొంటుంటే వైండింగ్ విప్పి చూపించమనే మనిషి, ఫోను దగ్గరికొచ్చేసరికి ఇలా చేశారు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం రా" అంది నాన్నమ్మ. "యాప్ ఎక్కింది కదమ్మా" అని నాన్న గొణిగారు.

అమ్మని చూడాలంటే అమ్మకి కనపడకూడదు. అమ్మకి కనపడాలంటే అమ్మని చూడకూడదు. ఇదీ మా ఇంట్లో వీడియో కాల్. ఒకరు ఫోను పట్టుకుని అమ్మని చూస్తుంటే, మిగతావాళ్ళు ఫోను వెనక నిలబడి, ఏమీ కనపడని నల్ల అట్టకేసి నవ్వాలి. నాన్నమ్మ అయితే చేతులు కట్టుకుని, గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు నిలబడేది. నా వంతు ఎప్పుడొస్తుందా అని నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

కొన్నాళ్ళకి నాకే ఉపాయం తట్టింది. బీరువా అద్దం ముందు నిలబడి ఫోను గుండెల దగ్గర పట్టుకున్నాను. కెమెరా అద్దంలోకి చూస్తోంది, నేను తల వంచి తెరమీద అమ్మని చూస్తున్నాను. ఇద్దరం ఒకరికొకరం దొరికాం. ప్రపంచాన్ని గెలిచినంత సంబరపడ్డాను. అమ్మ మాత్రం, "తలెత్తవే, నీ పాపిడి తప్ప ఇంకేం కనపట్లేదు" అంది.

"తలెత్తితే నువ్వు కనపడవు కదమ్మా."

"పర్లేదులే, ఓసారి ఎత్తు."

ఎత్తాను. అద్దంలో నా మొహమే నాకు కనిపించింది. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉండమంది అమ్మ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, ఆ ఇంట్లో వాళ్ళు పడుకున్నాక అమ్మ ఫోన్ చేసేది. అలా నా ఇంటర్ అంతా అమ్మ నా పాపిడే చూసింది.

డిగ్రీలో చేరాక నాన్న ముందు కెమెరా ఉన్న ఫోను తెచ్చారు. కొనే ముందే షాపులో తన మొహం తాను చూసుకుని మరీ తెచ్చారు. తీరా ఫోను వచ్చేసరికి అమ్మకే తీరిక లేకపోయింది. ఆ ఇంట్లో ఓ ఆడపిల్ల పుట్టింది. అమ్మ మొహం తెరనిండా వచ్చేది, నేను తల ఎత్తే ఉండేదాన్ని, ఇక మాట్లాడుకుందాం అనుకునేలోపు వెనక ఏడుపు వినపడేది. "పాప లేచింది, పెట్టేస్తానే" అనేది అమ్మ. ఆ పాప మీద నాకు ఒళ్ళు మండిపోయేది. నా అమ్మని ఎత్తుకుపోయింది చాలక నా శుక్రవారం కూడా కావాల్సొచ్చిందా అని తిట్టుకునేదాన్ని.

నిరుడు అమ్మ వచ్చేసింది, ఇక వెళ్ళనని. నాకప్పటికి కోరుకొండలో ఒక బళ్ళో ఉద్యోగం. అమ్మకి చూపు తగ్గింది కదా అని పెద్ద అంకెలున్న బటన్ల ఫోను కొందామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఆ యాప్ ఉన్నదే కావాలంది.

"ఇంకెవర్ని చూడాలమ్మా? అందరం ఇక్కడే ఉన్నాంగా" అన్నాను. మాట కాస్త పెళుసుగానే వచ్చింది.

అమ్మ రాజమండ్రిలో షాపాయన ముందు కూడా పట్టు వదల్లేదు. చవకగా ఉన్న రెండు ఫోన్లు చూపిస్తే, "ఇందులో ఆ యాప్ వేసి చూపించండి బాబూ, మనిషి ఆగిపోకుండా కనపడాలి" అంది. కొట్లో గట్టిగా బేరమాడి ఎరగని మనిషి, రెండో ఫోనులో బొమ్మ ఆగి ఆగి వస్తోందని పక్కన పెట్టించి, మూడోది తీయించింది. నేను ముఖం ముడుచుకుని నిలబడ్డాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ పెరట్లో మంచం మీద కూర్చుని, నాకు తెలియని గొంతుతో, అరబ్బీలో ముద్దుగా ఏదో అంటోంది. ఇన్నేళ్ళూ అమ్మకి ఇంకో గొంతు ఉందని నాకు తెలియదు. కోపంగానే వెళ్ళాను. తెరమీద నాలుగైదేళ్ళ పిల్ల. ఫోనుకి ఎంత దగ్గరగా వచ్చిందంటే కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనపడట్లేదు. ఇంకా దగ్గరికొస్తే ఇటు దూకేయొచ్చన్నట్టుంది.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల కాసేపు చూసి, తెలుగులో, మా అమ్మ యాసలో అడిగింది.

"బువ్వ తిన్నావా తల్లీ?"

రోజూ అమ్మ తనని అడిగిన మాట. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట కూడా అదే. ఆ పిల్ల మీద పెట్టుకున్న కోపం ఏమైపోయిందో తెలియలేదు. అమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని, అమ్మ మొహం మొత్తం కనపడేలా పట్టుకున్నాను.

"తిందిలే తల్లీ" అన్నాను. "నువ్వు తిన్నావా?"