“చెప్పావా?” అని అడిగిన డాక్టరమ్మ గారు

శనివారం మా తమ్ముడికి అపాయింట్‌మెంట్. గురువారం పొద్దున అమ్మ బాపట్ల బండికి టైమవుతోందని గబగబా జడ వేసుకుంటుంటే ఫోన్ మోగింది. పళ్ళ క్లినిక్‌లో నర్సక్క. “డాక్టరమ్మ గారు పోయారండీ. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందంట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే...” అని ఆగిపోయింది. అమ్మ జడ సగంలో వదిలేసి మంచం మీద కూలబడింది. నేను వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. నా ముఖం అమ్మకి కనపడకూడదు. డాక్టరమ్మ గారికి నేనొక మాట ఇచ్చాను. ఏడాదైనా నిలబెట్టుకోలేదు. ఇప్పుడు ఆవిడే లేరు.

ఆవిడ గురించి తెలిసినవాళ్ళు రాసివ్వండి, చిన్న పుస్తకం వేస్తాం అని వాళ్ళమ్మాయి అడిగారు. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు రాస్తే ఒత్తులు ఎక్కడ పెట్టాలో తడుముకుంటాను. కానీ ఇంగ్లీష్‌లో రాస్తే అందులో ఆవిడ గొంతు వినపడదు. అందుకే ఇలా రాస్తున్నాను.

తమ్ముడు పుట్టేటప్పటికి నాకు పదమూడేళ్ళు. అమ్మకి బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున బండికి వెళ్తే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తెనాలిలో దిగేది. నాన్న పనిమీద ఊళ్ళు తిరుగుతారు. తమ్ముడిని చూసుకునేది నాయనమ్మే. తొమ్మిదో తరగతి అయ్యాక వచ్చిన సెలవుల్లో, మధ్యాహ్నం నాయనమ్మ మోకాళ్ళ నొప్పికి మాత్ర వేసుకుని ఓ గంట నడుం వాల్చేది. ఆ గంట తమ్ముడిని నేను నిద్రపుచ్చాలి. వాడు పడుకునేవాడు కాదు. నాకేమో ఫోన్ కావాలి, అవతల ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ ఉంటారు. ఒకరోజు పాలసీసాలో రెండు చెంచాల పంచదార వేశాను. సీసా నోట్లో ఉండగానే అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. ఆ సెలవులన్నీ అలాగే చేశాను. స్కూలు తెరిచాక కూడా ఆదివారాలు చేశాను. ఎవరికీ చెప్పలేదు.

వాడికి ఏడాదిన్నర వచ్చేసరికి పై పళ్ళ మీద, చిగుళ్ళ దగ్గర సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీతలు కనబడ్డాయి. కొన్నాళ్ళకి అవే గోధుమ రంగుకి తిరిగాయి. చల్లటి పెరుగన్నం నోట్లో పెడితే ఏడ్చేవాడు. “పాలపళ్ళేగా, ఊడిపోతాయిలే” అన్నారు పక్కింటివాళ్ళు. అమ్మకి మనసొప్పలేదు. సెలవు పెట్టి వాడిని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. నాయనమ్మా నేనూ కూడా వెళ్ళాం.

అంతకుముందు పళ్ళ డాక్టరంటే నాకు తెలిసింది పెద్ద కుర్చీ, పైన లైటు, గిర్రున తిరిగే మిషను. ఈవిడ తమ్ముడిని ఆ కుర్చీ దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. నేత చీర కొంగు దోపుకుని మామూలు స్టూలు మీద కూర్చున్నారు. అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించారు. వాడి కాళ్ళు అమ్మ నడుముకి అటూ ఇటూ, తల ఆవిడ ఒళ్ళో. “పెద్దమ్మగారూ, చంటిపిల్లలకి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తారు చూడండి, అదే పద్ధతి. మీ దగ్గర నేర్చుకుందే, ఫీజు మాత్రం నేను తీసుకుంటున్నాను” అన్నారు నాయనమ్మతో. నాయనమ్మ నవ్వేసింది. తమ్ముడు గుక్కపెట్టి ఏడ్చాడు. అమ్మ కంగారుపడింది.

“ఏడవనీ అమ్మా. ఏడిస్తేనే కదా నోరు తెరిచేది. నవ్వే పిల్లలతోనే నాకు గొడవ, పెదాలు బిగబడతారు” అంటూ పైపెదవి ఎత్తి, వేలితో ఒక్కో పన్నూ తాకుతూ పైకి లెక్కపెట్టారు. పన్నెండు.

తర్వాత ఆవిడ ముఖం మారింది. “కింది పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పైన ముందరి నాలుగే పాడయ్యాయి. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ఇలాగే అవుతుంది. తీపి పాలు పై పళ్ళ చుట్టూ నిలవుంటాయి. కింద వాటిని నాలుక కాపాడుతుంది. సీసాలో పంచదార వేస్తున్నారా?”

అమ్మ నాయనమ్మ వైపు తిరిగింది. “అత్తయ్యా?”

“అయ్యో, లేదమ్మా. ఎప్పుడైనా పటికబెల్లం పలుకు నోట్లో పెట్టిన మాట నిజమే గానీ, సీసాలో నేనెప్పుడూ వెయ్యలేదు.”

“పటికబెల్లం పెట్టే చెయ్యి పంచదార వెయ్యదా?”

నాయనమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. నేను గోడ మీదున్న బొమ్మ చూస్తున్నట్టు నిలబడ్డాను. తల తిప్పితే డాక్టరమ్మ గారు నన్నే చూస్తున్నారు.

“మీరు బయట కూర్చోండి. ఈ అమ్మాయికి బ్రష్ చెయ్యడం నేర్పిస్తాను” అన్నారు. తలుపు వేశాక పేస్టు తీశారు. పక్కనున్న చిన్న సీసాలోంచి ఒక బియ్యపు గింజ నా అరచేతిలో పెట్టి, “ఇంత. దీనికి మించితే ఒప్పుకోను. మూడేళ్ళు నిండేదాకా ఇంతే” అన్నారు. చిన్న బ్రష్ మీద అంతే పెట్టించారు. చిగుళ్ళ దగ్గర ఎలా తిప్పాలో నా చెయ్యి పట్టుకుని చూపించారు. తర్వాత, అదే గొంతుతో, “ఎన్ని చెంచాలు?” అన్నారు.

“రెండండి.”

“సరే. ఇక వెయ్యకు. వాడికి పక్కమీద సీసా వద్దు, మరీ ఏడిస్తే మంచినీళ్ళు పట్టు. నాలుగు రోజులు రాగం తీస్తాడు, ఐదో రోజు మానేస్తాడు. మీ అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. చెప్తావా?”

“చెప్తానండి” అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. తిట్టుంటే ఆవిడని మర్చిపోయేదాన్నేమో.

నేను చెప్పలేదు. రోజూ అనుకునేదాన్ని, అమ్మ దిగే బండి కూత వినపడగానే పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. ఇంట్లో అమ్మ, నాయనమ్మ చేత్తో తమ్ముడికి ఏదీ పెట్టనివ్వలేదు. నాయనమ్మ పెట్టబోతే గిన్నె తీసేసుకునేది. నెల తిరగకుండానే నాయనమ్మ బట్టలు సర్దుకుంది. “రేపల్లెలో మీ అత్త రమ్మంటోంది. నా చేతి తిండి వాడికి పడటం లేదులే” అంది. తమ్ముడిని అమ్మ బాపట్ల తీసుకెళ్ళి కాలేజీ పక్కన ఒకావిడ దగ్గర వదిలేది.

పై పళ్ళకి మందు పూయించడానికి వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ గారు నావైపు చూసి, పెదాలు కదిలీ కదలకుండా “చెప్పావా?” అనేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. “సరే, ఈసారికి” అనేవారు. అమ్మకి కాఫీ తెప్పించి మాట్లాడుతుంటే నేను చెవులు రిక్కించి వినేదాన్ని. ఆవిడ నోట ఎప్పుడూ ఆ మాట జారలేదు. పాలపళ్ళేగా అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. “ఊడేదాకా వాడు తినొద్దా? ఊడేదాకా నవ్వొద్దా?” అని గట్టిగా అడిగేవారు. మొదటి పన్ను కనబడగానే తన దగ్గరికి తీసుకురావాలని, ఏడాది పుట్టినరోజు కేకు తినకముందే తనని చూడాలని వచ్చిన ప్రతి తల్లికీ చెప్పేవారు.

ఆవిడ నెలకో ఆదివారం రేపల్లె వెళ్ళి, రైసుమిల్లు పక్కన ఒక గదిలో కూర్చుని కూలీల పిల్లల పళ్ళు ఊరికే చూసేవారు. ఒకసారి అమ్మని అడిగి నన్ను తీసుకెళ్ళారు, పేర్లు రాయడానికి మనిషి కావాలని. పని అయ్యాక వాచీ చూసుకుని, “బండికి ఇంకా గంట ఉంది. మీ నాయనమ్మని చూసి రా” అన్నారు. పేర్లు రాయడానికి అక్కడ మనుషులున్నారని నాకప్పుడు అర్థమైంది.

అత్తవాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది. చిక్కిపోయింది. అక్కడినుంచే వెనక్కి వచ్చేశాను.

“చూశావా?”

“చూశానండి.”

“మాట్లాడావా?”

“లేదు మేడం. భయమేసింది.”

బండి కదిలాక, “మొదటిసారి చంటిపిల్ల నోట్లో వేలు పెట్టినప్పుడు నా చెయ్యి ఎంత వణికిందో తెలుసా? వణుకు తగ్గాక పెడదామనుకుంటే ఈపాటికి నేను ఇంట్లో కూర్చునేదాన్ని” అన్నారు. అంతే. ఆ ప్రయాణం మళ్ళీ ఒక్కసారి దొరికితే బాగుండనిపిస్తుంది.

శనివారం అపాయింట్‌మెంట్ టైముకే వెళ్దాం, ఆవిడ లేకపోయినా సరే అంది అమ్మ. క్లినిక్ వరండాలో ఆవిడ ఫోటో పెట్టారు. అమ్మ కవరు నిండా చామంతులు కొంది. మేం మెట్లెక్కుతుంటే నందివెలుగు నుంచి ఒకావిడ చంటిపాపని ఎత్తుకుని వచ్చింది. ఫోటో చూసి బిక్కచచ్చిపోయింది. “మొదటి పన్ను రాగానే తీసుకురమ్మన్నారండి. నిన్ననే వచ్చింది. ఇప్పుడు నేను ఎవరికి చూపించాలి?” అంది.

నర్సక్క ఏడుస్తోంది. నేను వెళ్ళి పాప పెదవి ఎత్తి చూశాను. కింద తెల్లగా ఒకటే పన్ను. పేస్టు ఎంత పెట్టాలో, సీసాతో ఎందుకు పడుకోబెట్టకూడదో, తెల్ల గీతలొస్తే ఎక్కడ కనబడతాయో చెప్పాను.

“ఇంత చిన్నపిల్లవి, నీకివన్నీ ఎలా తెలుసమ్మా?” అంది ఆవిడ.

మేడం చెప్పారండి అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. అమ్మ నా వెనకే ఉంది, చేతిలో కవరు చప్పుడు వినపడుతోంది. నా కాళ్ళు వణుకుతున్నాయి.

“మా తమ్ముడి పళ్ళు నా వల్లే పాడయ్యాయండి. తొందరగా పడుకోవాలని సీసాలో పంచదార వేసింది నేనే. మా నాయనమ్మ కాదు.”

కవరు చప్పుడు ఆగిపోయింది.

అమ్మ కొన్ని పూలు ఫోటో ముందు పెట్టి, తమ్ముడిని ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచింది. ఆటో ఆపి “స్టేషన్‌కి” అంది. రేపల్లె బండి ఎక్కాక, చినరావూరు స్టేషన్ దాటాక అడిగింది.

“ఆవిడకి తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“మొదటి రోజు నుంచీ.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది, నొప్పెట్టేంత గట్టిగా.

నేను చెప్పేశానని ఒకే ఒక్కరికి చెప్పాలనిపించింది. ఆవిడ లేరు. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి, కవర్లో మిగిలిన చామంతుల్ని రెక్క రెక్కా తుంచి బయటికి విసురుతున్నాడు. కొన్ని గాలికి పొలాల్లోకి పోతున్నాయి. కొన్ని వెనక్కొచ్చి, మా ముగ్గురి మీదా పడుతున్నాయి.